అవహిత్థను చదవడం: కథాసాహిత్యం – కౌమార పాఠకుల పరభావగ్రహణం

కథలు, నవలలు చదివే పిల్లలకు ఎదుటివారి మనసు తెలుస్తుందన్న మాట తెలుగు బోధనరంగంలో కొత్తది కాదు. ఉపవాచకాల పీఠికల్లోనూ, గ్రంథాలయ వారోత్సవాల ఉపన్యాసాల్లోనూ అది తరచుగా వినిపిస్తుంది. అయితే నిరూపణ అవసరం లేని సత్యంగా చెప్పి వదిలేయడమే తప్ప, ఆ మాటకు అర్థమేమిటని నిలదీసిన సందర్భాలు తక్కువ. ఎదుటివారి భావాన్ని ‘తెలుసుకోవడం’ అంటే ఏమిటి? కథ ఆ తెలివిని నిజంగా ఇస్తుందా? ఇస్తే ఆ తెలివి దానంతట అదే మంచిదవుతుందా? మొదటి రెండు ప్రశ్నలు మనస్తత్వశాస్త్రానికీ, అలంకారశాస్త్రానికీ సంబంధించినవి. మూడోది ధర్మమీమాంసకు చెందినది. సాహిత్యాన్ని పాఠంగా చెప్పేవారు సాధారణంగా మొదటి ప్రశ్నకు అవుననే జవాబు ఊహించుకుని, మూడోదానికీ అదే జవాబు సరిపోతుందని భావిస్తారు. చిక్కు అక్కడే ఉంది.

ప్రయోగశాలలో కథ

ఈ విషయాన్ని ప్రయోగాలతో తేల్చే ప్రయత్నాల్లో ఎక్కువ ప్రచారం పొందినది డేవిడ్ కామర్ కిడ్, ఎమాన్యుయేలె కస్తానో 2013లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన పరిశోధన. సాహిత్యవిలువ గల కథాభాగాన్ని కాసేపు చదివినవారు, జనరంజక కథలను గానీ కథేతర వచనాన్ని గానీ చదివినవారికంటే పరచిత్తగ్రహణ పరీక్షల్లో మెరుగ్గా రాణించారని వారు తేల్చారు. వారు వాడిన పరీక్షల్లో ముఖ్యమైనది సైమన్ బారన్-కోహెన్ బృందం రూపొందించినది. పత్రికల నుంచి సేకరించిన ముఖచిత్రాలలో కళ్ళ భాగాన్ని మాత్రమే చూపి, నాలుగు మాటల్లో ఏది ఆ చూపుకు సరిపోతుందో ఎంచుకోమంటారు. సవరించిన రూపంలో ఇలాంటి చిత్రాలు 36. ఫలితం వెలువడగానే సాహిత్యాభిమానులు సంబరపడ్డారు. ఆ సంబరం ఎక్కువకాలం నిలవలేదు. 2016లో మరొక పరిశోధక బృందం అదే ప్రయోగాన్ని పెద్ద సంఖ్యలో పాఠకులపై జరిపినప్పుడు ఆ ఫలితం రాలేదు. ‘నేచర్’, ‘సైన్స్’ పత్రికల్లో వచ్చిన 21 సామాజికశాస్త్ర ప్రయోగాలను తిరిగి చేసి చూసి 2018లో ప్రకటించిన సమీక్షలోనూ ఇది నిలబడని వాటిలో చేరింది. అదే సంవత్సరం డోడెల్-ఫెడర్, టామిర్ అప్పటివరకూ వచ్చిన 14 ప్రయోగాలను కలిపి లెక్కగట్టి, కథాపఠనం వల్ల కలిగే మేలు స్వల్పమేగాని శూన్యం కాదని తేల్చారు.

ఒక్క పూట పఠనంతో మనసు మారిపోతుందని ఆశించడమే వింత. నెలల తరబడి, ఏళ్ళ తరబడి కథలు చదివినవారి సంగతి వేరు. రేమండ్ మార్, కీత్ ఓట్లీ ప్రభృతులు 2006లోనే, కథాసాహిత్యంతో ఎక్కువ పరిచయం ఉన్నవారు పరభావగ్రహణంలో ముందుంటారని చూపారు. అయితే ఇక్కడ కార్యకారణాల తిరకాసు ఉంది. కథలు చదవడంవల్ల మనుషులు అర్థమవుతున్నారా, మనుషులంటే ముందే ఆసక్తి ఉన్నవారు కథల వైపు వస్తున్నారా అన్నది ఆ లెక్కలతో తేలదు. కౌమారం విషయంలో ఇది మరింత కష్టం. ఎదుటివారి దృక్కోణాన్ని మనసులో పెట్టుకుని ప్రవర్తించే శక్తి బాల్యంతోనే పూర్తయిపోదనీ, కౌమారం చివరివరకూ పెరుగుతూనే ఉంటుందనీ శారా-జేన్ బ్లేక్‌మోర్ బృందం చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. పెరిగే వయసులో పెరిగినదాన్ని ఏ ఒక్క కారణానికో అంటగట్టడం తేలిక కాదు.

ఇటలీలో లోరిస్ వెత్సాలీ బృందం హ్యారీ పోటర్ నవలలతో చేసిన ప్రయోగంలో ఒక అంశం బోధకులకు విలువైనది. అక్కడ ప్రాథమిక పాఠశాల పిల్లలు కొన్ని వారాలపాటు చిన్న బృందాలుగా కూర్చుని నవలాభాగాలు చదివి, వాటిని గురించి మాట్లాడుకున్నారు. వివక్షకు సంబంధించిన భాగాలు చదివి చర్చించినవారిలో, హ్యారీతో తాదాత్మ్యం చెందిన పిల్లలకు వలసవచ్చినవారి పట్ల వైఖరి మెరుగుపడింది. అంటే పఠనానికి సంభాషణ తోడైంది. ఆ మార్పులో పుస్తకం వాటా ఎంత, పుస్తకం చుట్టూ నడిచిన మాటల వాటా ఎంత అన్నది విడదీయలేని ప్రశ్న. తెలుగు తరగతిగదికి సంబంధించినంతవరకు అసలు ప్రశ్న అదే.

అనుమితి, తన్మయీభవనం

పై పరీక్షలన్నింటి వెనుకా ఒక ఊహ ఉంది: భావం లోపల ఉంటుంది, దాని గుర్తు పైన కనబడుతుంది, గుర్తును చూసి భావాన్ని ఊహించడమే గ్రహణం. ఈ ఊహ భారతీయ కావ్యశాస్త్రానికి కొత్తది కాదు. భరతుని రససూత్రాన్ని వ్యాఖ్యానిస్తూ శ్రీశంకుకుడు చెప్పిన అనుమితివాదం దాదాపు ఇదే. విభావానుభావాలనే లింగాల వల్ల ప్రేక్షకుడు నటునియందు స్థాయిని అనుమిస్తాడు. చిత్రంలోని గుర్రాన్ని చూసి గుర్రమనుకున్నట్లే అది నిజమూ కాదు, భ్రమా కాదు. దీన్ని భట్టతౌతుడూ, ఆయన శిష్యుడైన అభినవగుప్తుడూ ఖండించారు. భావాన్ని అనుమించినంత మాత్రాన ఆస్వాదం కలగదన్నది వారి అభ్యంతరాల సారం. పొగను చూసి నిప్పును ఊహించినవాడికి చలి తీరదు కదా.

అభినవగుప్తుడు సహృదయుణ్ణి నిర్వచించిన తీరు ప్రస్తుత చర్చకు మరింత దగ్గరగా ఉంది. కావ్యాన్ని పదేపదే అనుశీలించడం వల్ల మనసనే అద్దం నిర్మలమై, వర్ణ్యవస్తువుతో తన్మయం కాగల యోగ్యత ఎవరికి కలుగుతుందో వారే సహృదయులని ఆయన భావం. సహృదయత్వం పుట్టుకతో వచ్చిన వరం మాత్రమే కాదనీ, పఠనాభ్యాసం దాన్ని పెంచుతుందనీ ఇందులో స్పష్టంగా ఉంది. పశ్చిమదేశాల పరిశోధకులు లెక్కలతో నిరూపించబోయిన ప్రతిపాదనకు ఇది వెయ్యేళ్ళ నాటి రూపమని కొందరు సంతోషించవచ్చు. ఆ సంతోషం కొంత తొందరపాటు అవుతుంది. రసానుభవంలో జరిగేది సాధారణీకరణం. ఆ శోకం రామునిదీ కాదు, పాఠకునిదీ కాదు, మరెవరిదో అని కూడా కాదు. పరభావగ్రహణంలో జరగవలసింది దీనికి విరుద్ధం. పక్క బెంచీలో కూర్చున్న పిల్లవాడి దుఃఖం అతనిదేననీ, తనది కాదనీ, అందరిదీ కాదనీ తెలియాలి. వ్యక్తిసంబంధాన్ని తొలగించినప్పుడు రసం పుడుతుంది. వ్యక్తిసంబంధాన్ని గుర్తించినప్పుడే కరుణ క్రియగా మారుతుంది. సహృదయత, సహానుభూతి అన్న రెండు మాటలనూ పర్యాయపదాలుగా వాడే అలవాటును తెలుగు విమర్శ వదులుకోవడం మంచిది.

అయితే అభినవగుప్తుడు చెప్పిన రసవిఘ్నాలలో ఒకటి కౌమార పాఠకుల విషయంలో ఆశ్చర్యకరంగా పనికివస్తుంది. తన సొంత సుఖదుఃఖాల్లో మునిగి వాటికి వశమైపోవడం ఆ విఘ్నం. 1967లో డేవిడ్ ఎల్కిండ్ కౌమారుల ఆత్మకేంద్రితను వివరిస్తూ, తమను ప్రతివారూ గమనిస్తున్నారనుకునే ఒక ‘ఊహాప్రేక్షక సమూహం’ వారి మనసులో ఉంటుందన్నాడు. చొక్కా మీద మరక ఉన్న రోజున తరగతిలోని ప్రతి నవ్వూ తనను చూసే అనిపిస్తుంది. ఇది భావాన్ని గ్రహించలేకపోవడం కాదు, అతిగా గ్రహించడం. లేని హేళనను ఉన్నట్టు చదవడం. రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య కౌమారుడు కాడు, సంసారి. అయినా ఆ ఊహాప్రేక్షకులు అతణ్ణి వదలరు. ఎదుటివారి ప్రతి చూపులోనూ తన అల్పత్వానికి సాక్ష్యం వెదుక్కునే ఆ మనసులోకి నవల పాఠకుణ్ణి తీసుకువెళ్ళి, ఆ చదువు ఎంత తప్పుడు చదువో కూడా పక్కనే చూపిస్తుంది. పదిహేడేళ్ళ పాఠకుడికి సుబ్బయ్య మీద జాలి కలగడం ఒక ఫలితం. తన చూపులో సుబ్బయ్య ఉన్నాడని అనుమానం కలగడం అంతకంటే విలువైన ఫలితం.

దాచిన భావం

భరతుడు చెప్పిన 33 వ్యభిచారిభావాల్లో అవహిత్థ ఒకటి. ఆకారగుప్తి, అంటే మనసులోని భావం పైకి కనబడకుండా దాచుకోవడం. దాన్ని కూడా ఒక భావంగానే లెక్కించడంలో ఉన్న సూక్ష్మదృష్టి ఆధునిక పరీక్షల్లో కనబడదు. కళ్ళు చూసి మాట ఎంచుకోమనే పరీక్ష, కళ్ళు నిజం చెబుతాయన్న నమ్మకం మీద నిలబడింది. కాళిదాసు పార్వతి తన పెళ్ళిమాట నడుస్తుండగా తండ్రి పక్కన తల వంచుకుని లీలాకమలపు రేకులు లెక్కపెడుతుంది. అలంకారశాస్త్రంలో ప్రసిద్ధమైన ఈ ఉదాహరణలో పార్వతి కౌమారం దాటీదాటని పిల్ల. ఆమె కళ్ళు మాత్రమే చిత్రంగా తీసి చూపితే అక్కడ కనబడేది పువ్వు మీద శ్రద్ధ. ఆమె ఎవరు, ఆ పక్కన ఎవరున్నారు, ఏ మాట వినబడుతోంది అన్నవి తెలిస్తేనే ఆ లెక్కపెట్టడం అర్థమవుతుంది. భావం కళ్ళలో కాక సందర్భంలో ఉంది.

కౌమారం అవహిత్థకు పుట్టినిల్లు. ఏడుపు వచ్చినా నవ్వేవాడు, ఇష్టమైనదాన్ని వెక్కిరించేది, అవమానం జరిగిన చోట ‘నాకేం’ అని భుజాలెగరేసేవాడు ఏ తరగతిలోనైనా కనబడతారు. వీరిని చదవడానికి ముఖకవళికల జాబితా సరిపోదు. లోపలినీ బయటినీ పక్కపక్కన పెట్టి చూపే అభ్యాసం కావాలి. జీవితంలో అది దొరకదు, ఎందుకంటే జీవితంలో ఎదుటివారి బయటే కనబడుతుంది. కథ ఒక్కటే రెంటినీ ఒకేచోట చూపగలదు. కథాపఠనం కౌమారులకు చేసే మేలు ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉంది.

చాగంటి సోమయాజులు ‘ఎందుకు పారేస్తాను నాన్నా’లో కుర్రవాడికి చదువంటే ప్రాణం. ఫీజు కట్టలేక తండ్రి చదువు మాన్పించాడు. తండ్రి చుట్టల కోసం పంపితే, బడి పిల్లలకు ఎదురుపడవలసి వస్తుందన్న సిగ్గు ఆ పిల్లవాడిది. తోటివారికి బయట కనబడేది బడి ఎగ్గొట్టి తిరిగే కుర్రవాడు. కథ చదువుతున్న పిల్లలకు కనబడేది వేరు. ఇంతవరకు తేలికే. కష్టమైనది తండ్రిని చదవడం. అతని మాటల్లోని కరకుదనం వెనుక కొడుకును చదివించలేని తండ్రి తలవంపు ఉందన్న సంగతిని కథకుడు వివరించి చెప్పడు. పిల్లవాడి పక్షాన కోపం తెచ్చుకున్న పాఠకుడు కాసేపటికి ఆ కోపాన్ని ఎక్కడ దింపుకోవాలో తెలియక ఇబ్బంది పడతాడు. ఆ ఇబ్బందే గ్రహణం. సరైన మాట ఎంచుకోవడం కాకుండా, ఎంచుకున్న మాట చాలదని గుర్తించడం.

దాచడం అందరికీ ఒకే అవసరం కూడా కాదు. పెత్తనం చేసేవాడు కోపాన్ని దాచుకోనక్కరలేదు. పనిచేసేవాడు దాచుకోక తప్పదు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో పంచాయతీ నడిచినంతసేపూ అప్పు, న్యాయం, ధర్మం గురించిన మాటలు పేరుకుంటూ ఉంటాయి. తండ్రి అప్పుకు తలవంచిన తరువాత సీతారాముడు చేసే పని ఆ మాటల రాశిని ఒక్కసారిగా కూల్చేస్తుంది. ఊరి పెద్దల్లో ఎవరూ అతని మనసు చదవలేదు. చాలామంది పాఠకులూ చదవరు. మొదటిసారి చదివిన విద్యార్థి వెనక్కి తిరిగి, అతను ఎక్కడెక్కడ ఎలా కనబడ్డాడో వెదుక్కుంటాడు. ఒక్క కథ మళ్ళీ చదవడంలో కలిగే ఈ తడుములాట, పది కథల సారాంశాలు కంఠస్థం చేయడంలో దొరకదు.

మాట లేని భావం

భావగ్రహణంలో మాటల పాత్ర గురించి కూడా ఆలోచించవలసి ఉంది. తెలుగులో అలక ఉంది, ఉక్రోషం ఉంది, బెట్టు ఉంది, బింకం ఉంది, ముభావం ఉంది, మొహమాటం ఉంది, చిన్నబుచ్చుకోవడం, నొచ్చుకోవడం ఉన్నాయి. ఇవన్నీ కోపానికీ బాధకూ మధ్య ఉన్న ప్రదేశంలోని వేర్వేరు ఇళ్ళు. అలిగినవాడు బతిమాలించుకోవాలని చూస్తాడు. చిన్నబుచ్చుకున్నవాడు తన బాధ కనబడకూడదనుకుంటాడు. ఉక్రోషపడేవాడికి కోపంతోపాటు తన చేతకానితనం మీద కసి ఉంటుంది. ఈ తేడాలు తెలిసినవాడు ముగ్గురితోనూ మూడు రకాలుగా ప్రవర్తిస్తాడు. నేటి కౌమారుల నోట ఈ ముగ్గురూ ‘ఫీలయ్యారు’, లేదా ‘హర్టయ్యారు’. భాష మీద జాలితో అంటున్న మాట కాదిది. ‘ఫీలవడం’ తెలుగు మాటే అయిపోయింది, దాని పని అది చేస్తుంది. చిక్కల్లా ఒక్క మాట ఎనిమిది మాటల పని చేయబోవడమే. ఇంగ్లీషు మాధ్యమంలో చదువుకునే పిల్లలకు ఆ ఎనిమిది మాటలు ఇంట్లో పెద్దల నోటి నుంచి రాకపోతే మిగిలే దారి కథ ఒక్కటే. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథల్లోని సంభాషణలు ఆ మాటలకు గని. కోనసీమ ఇళ్ళల్లో బెట్టుకూ బింకానికీ మధ్య తేడా ఎంత పట్టింపుతో పాటించేవారో వాటిలో తెలుస్తుంది.

కథ తప్పు మాటలు కూడా నేర్పుతుంది. 1960ల నుంచి రెండు మూడు దశాబ్దాలపాటు వారపత్రికల సీరియళ్ళు తెలుగు ఆడపిల్లలను పెద్ద ఎత్తున పాఠకులుగా మలిచాయి. ఆ మేలును చిన్నచూపు చూసిన విమర్శ తనకు తానే నష్టం చేసుకుంది. అయినా ఆ కోవలోని కొన్ని నవలల్లో నాయకుని నిర్లక్ష్యం, కసురుకోవడం, అధికారం చెలాయించడం చివరికి ప్రేమకు ముసుగుగా తేలతాయి. అదీ అవహిత్థే, కాని ముందే తీర్పు రాసిపెట్టిన అవహిత్థ. పదహారేళ్ళ పాఠకురాలికి అది ఇచ్చే సూత్రం ప్రమాదకరమైనది: కోపం కనబడిన చోట ప్రేమ ఉందని చదువుకోవచ్చు. తరువాతి జీవితంలో కోపం కోపమేనని తెలుసుకోవడానికి ఆమె ఏమి చెల్లించవలసి వస్తుందో ఏ ప్రయోగశాలా లెక్కగట్టదు. కథలన్నీ భావగ్రహణాన్ని పెంచుతాయనే సామాన్య సూత్రం ఈ కారణంగానే నిలవదు. లోపలికీ బయటికీ ఉన్న సంబంధాన్ని తెరిచి ఉంచే కథ వేరు, దాన్ని ఒకే తాళంచెవికి అప్పగించే కథ వేరు.

తెలిసినవాడు మంచివాడా

ఇప్పుడు ధర్మప్రశ్న. కథ కౌమారుడికి ఎదుటివారి మనసు చదవడం నేర్పిందనే అనుకున్నా, ఆ చదువు ఎటు పోతుంది? గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకమే అయినా ఈ ప్రశ్నకు అంతకంటే మంచి సందర్భం తెలుగులో లేదు. ఆ నాటకంలో పరచిత్తజ్ఞానం ఎక్కువగా ఉన్నవారు ఇద్దరు, గిరీశం, మధురవాణి. పరీక్ష పోయి తండ్రికి భయపడుతున్న వెంకటేశం మనసు గిరీశానికి క్షణంలో తెలుస్తుంది. ఆ భయమే అతనికి అగ్రహారంలో తిండీ బసా సంపాదించి పెడుతుంది. బుచ్చమ్మ వైధవ్యంలోని వెలితి అతనికి తెలుసు. ఆ వెలితితో ఏ స్వరంలో మాట్లాడాలో కూడా తెలుసు. కళ్ళ చిత్రాల పరీక్ష పెడితే గిరీశం 36కు 36 తెచ్చుకునే రకం. మధురవాణికీ ఎదుటివారి లోపలితనం అంతే స్పష్టంగా కనబడుతుంది. చివరికి ఆమె దానితో చేసేది వేరు. ఇద్దరికీ ఉన్న నైపుణ్యం ఒకటే కాబట్టి, తేడా నైపుణ్యంలో లేదు.

బడుల్లో తోటివారిని వేధించే పిల్లలను గమనించిన ఉపాధ్యాయులకు ఇది కొత్త కాదు. మాట ఎక్కడ తగిలితే నొప్పి పుడుతుందో వేధించేవాడికి బాగా తెలుసు. మొద్దుబారినవాడు అంత గురిగా కొట్టలేడు. కాబట్టి సాహిత్యబోధనను పరభావగ్రహణ శిక్షణగా సమర్థించుకునేవారు సగం వాదాన్నే చెబుతున్నారు. మార్తా నస్‌బామ్ వంటి తత్త్వవేత్తలు నవలాపఠనాన్ని న్యాయబుద్ధికి సోపానంగా చూశారు. ‘సహానుభూతి, నవల’ అన్న విషయాన్నే గ్రంథంగా రాసిన సుజాన్ కీన్ 2007లో, పుస్తకంలో కలిగిన సహానుభూతి లోకంలో సత్కార్యంగా మారుతుందనడానికి ఆధారాలు బలహీనమని వాదించింది. కీన్ అనుమానానికి ఎక్కువ బలం ఉంది. ఎందుకంటే కల్పితపాత్ర పాఠకుణ్ణి ఏమీ అడగదు. దాని దుఃఖానికి కన్నీరు పెడితే చాలు, వేళకు అన్నం పెట్టనక్కరలేదు, సాక్ష్యం చెప్పనక్కరలేదు, తన చోటు కొంచెం ఇవ్వనక్కరలేదు. 1758లో రూసో నాటకశాల మీద పెట్టిన అభియోగం ఇదే. కల్పనకు కన్నీరిచ్చిన ప్రేక్షకుడు తన బాధ్యత తీరిపోయిందనుకుని బయటకు నడుస్తాడని అతని వాదం. 1890లో విలియం జేమ్స్ ఒక రష్యన్ మహిళను ఉదాహరణగా చెప్పాడు. ఆమె నాటకంలోని పాత్రల కోసం ఏడుస్తూ ఉంటుంది, బయట బండి మీద ఆమె బండివాడు చలికి గడ్డకట్టి చనిపోతూ ఉంటాడు.

ఈ ఉదాహరణను సాహిత్యానికి వ్యతిరేకంగా వాడటం సులభం. కాని ఆ మహిళ లోపం ఎక్కువగా భావించడంలో లేదు, బండివాడు భావించదగినవాడని ఆమెకు ఎవరూ చెప్పకపోవడంలో ఉంది. ఆమె చూసిన నాటకంలో బండివాళ్ళు బహుశా వచ్చిపోయేవాళ్ళే. ఏ తరానికి ఏ కథలు దొరికాయో, అందులో ఎవరికి లోపలితనం దక్కిందో అన్నదాన్ని బట్టి ఆ తరం ఎవరి ముఖాన్ని చదవగలుగుతుందో తేలుతుంది. తెలుగు కథాచరిత్రలో దీనికి సాక్ష్యాలు కావలసినన్ని ఉన్నాయి. జాజుల గౌరి ‘మన్నుబువ్వ’, గోగు శ్యామల కథలు వచ్చేవరకూ వాడలోని ఆడపిల్ల ఆకలి, ఆట, ఉక్రోషం, గర్వం లోపలి నుంచి ఎలా ఉంటాయో పాఠ్యగ్రంథాలు చదివిన విద్యార్థికి తెలిసే వీలు దాదాపు లేదు. అంతకుముందు కథల్లో ఆ పిల్ల లేదని కాదు. ఉంది, జాలిపడటానికి. జాలి పడే చూపుకు ఆమె గర్వం కనబడదు. ఒక విద్యార్థి తన పక్కన కూర్చున్న సహాధ్యాయి మౌనాన్ని పొగరుగా చదువుతాడా, బెరుకుగా చదువుతాడా, ఆత్మాభిమానంగా చదువుతాడా అన్నది అతని మంచితనం మీద మాత్రమే ఆధారపడదు. అతను చదివిన కథల్లో ఆ మౌనానికి ఎన్ని అర్థాలు దొరికాయన్నదాని మీద కూడా ఆధారపడుతుంది.

ఇక్కడ గురజాడ ‘దిద్దుబాటు’ను మరోసారి చూడవచ్చు. 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చిన ఈ కథ దశాబ్దాలుగా తరగతుల్లో పాఠంగా ఉంది. కథ గోపాలరావు వెంట నడుస్తుంది. ఇంట్లో భార్య కనబడకపోవడం, ఉత్తరం దొరకడం, కంగారు, పశ్చాత్తాపం అన్నీ అతని వైపు నుంచే. కమలిని లోపలితనం ఉత్తరంలోనూ, చివర మంచం కింద నవ్వులోనూ మాత్రమే తెలుస్తుంది. ఆ నవ్వుకు ముందు మంచం కింద ఆమె ఏమి విన్నది, ఎప్పుడు బాధపడింది, ఎప్పుడు నవ్వు ఆపుకుంది అన్నవి చదువరి పూరించుకోవాలి. కౌమారులకు ఇంతకంటే మంచి అభ్యాసం ఉండదు. విమర్శకులూ అధ్యాపకులూ స్త్రీవిద్య, సంస్కరణ, కథానిక శిల్పం అన్న శీర్షికల కింద ఈ కథను ఎంతో చర్చించారు. అదే కథలో నౌకరు రాముడున్నాడు. కంగారులో గోపాలరావు అతణ్ణి కొడతాడు, వెంటనే జాలిపడి ఓదారుస్తాడు. యజమాని పశ్చాత్తాపం కథలో ఉంది. దెబ్బ తిన్నవాడి మనసు కథలో లేదు, కథ మీద వచ్చిన వ్యాఖ్యానాల్లోనూ దానికి దక్కిన చోటు స్వల్పం. జేమ్స్ చెప్పిన బండివాడు నాటకశాల బయట ఉన్నాడు. రాముడు కథ లోపలే ఉండి కూడా పాఠకుల చూపుకు బయట ఉన్నాడు.

ఉపవాచకాల మీద పరీక్షల్లో ఏటా వచ్చే ప్రశ్న పాత్రస్వభావం రాయమని. గైడ్లలో జవాబు సిద్ధంగా ఉంటుంది: ఫలానా పాత్ర ధైర్యశాలి, త్యాగమూర్తి, సహనశీలి. ఒక్కో గుణానికి ఒక్కో సంఘటన. విద్యార్థి దాన్ని కంఠస్థం చేసి మార్కులు తెచ్చుకుంటాడు. మనిషిని గుణాల జాబితాగా చూడటం, ఒక ముఖానికి ఒక మాట అతికించడం ఆ పద్ధతి నేర్పే పాఠం. కళ్ళ చిత్రాల పరీక్షకూ దీనికీ పెద్ద తేడా లేదు. రెంటిలోనూ జవాబు ముందే నిర్ణయమై ఉంటుంది. కథ తెరిచి ఉంచినదాన్ని పరీక్ష మూసేస్తుంది. ‘దిద్దుబాటు’ పాఠమైన తరువాత, దెబ్బ తిన్న క్షణం నుంచి ఆ రాత్రి ముగిసేవరకు జరిగినదంతా రాముడి వైపు నుంచి ఒక పేజీ రాయమని పదో తరగతి విద్యార్థులను అడగవచ్చు. యాసతో సహా, అతను పైకి చెప్పినదీ, చెప్పకుండా దాచుకున్నదీ రెండూ రాయమనవచ్చు. ఆ జవాబుకు గైడు ఉండదు. నలభైమంది నలభై రకాలుగా రాస్తారు. రాముడు తనను కొట్టిన చేతిని క్షమించాడని కొందరు రాస్తారు, క్షమించినట్టు నటించాడని కొందరు రాస్తారు, యజమాని ఓదార్పును బక్షీసు కింద లెక్కగట్టుకున్నాడని ఎవరో ఒకరు రాస్తారు. వాటిలో దేనికి ఎన్ని మార్కులివ్వాలో దిద్దే అధ్యాపకుడు కథ మళ్ళీ చదివి తేల్చుకోవలసి ఉంటుంది.